ఇడ్కో అన్న మాట

పోయిన నెల గోరంట్ల నుంచి హిందూపురం పోయే దారిలో ఉండే ఒక గ్రానైటు ఫ్యాక్టరీ వాళ్లు నన్ను పిలిపించినారు. కొత్తగా చేరిన పనివాళ్లకు ప్రమాదాల గురించి నాలుగు మాటలు చెప్పాలంట. ముప్పై అయిదేండ్లు రాళ్ల ఫ్యాక్టరీల్లో దుమ్ము తిన్న మనిషిని. అందులో సగం కాలం పనివాళ్ల కాళ్లూ చేతులూ కాపాడే ఉద్యోగమే చేసినాను కాబట్టి, ఇంటి పట్టున కూర్చున్నాక కూడా ఇట్లాంటి పిలుపులు వస్తానే ఉంటాయి. కారు పంపినారు, శాలువా కప్పినారు, టీ ఇచ్చినారు. అంతా మర్యాదగానే జరిగింది. గేటు పక్కన మాత్రం మనిషంత ఎత్తు బోర్డు ఒకటి నిలబెట్టినారు. పైన ఎర్రరంగుతో 'ప్రమాదాలకు కారణాలు' అని రాసి, కింద మొదటి వరసలోనే 'కార్మికుల అజాగ్రత్త' అని పెట్టినారు. దాన్ని చూస్తానే నాకు ఒళ్లు మండింది. అరవై దాటితే మనిషికి కోపం తగ్గుతుందని చెప్పేవాళ్లు నన్ను చూసి ఉండరు.

ఆ ఫ్యాక్టరీ మేనేజరు చిన్న వయసువాడు, మంచివాడే. అది అన్ని ఫ్యాక్టరీల్లో ఉండేదే సార్, అచ్చు వేసినవే దొరుకుతాయి అన్నాడు. దొరుకుతాయని నాకూ తెలుసు. అజాగ్రత్త అనే మాట కుండ మీద పెట్టే మూత లాంటిది, అది పెట్టినాక లోపల ఏముందో ఎవరూ చూడరు అని అతనికి నిలబెట్టి చెప్పినాను. రాతిపిండి నీళ్లలో కలిసి నేలంతా జారుడుగా ఉంటే కడిగించేవాడు లేడు, అక్కడ మనిషి పడితే అజాగ్రత్త. బెల్టు మీద ఉండాల్సిన రేకు విప్పి మూలన పారేసి ఆరు నెలలైంది, మెడలో తువ్వాలు బెల్టులో చుట్టుకుంటే అజాగ్రత్త. రావాల్సినవాడు రాలేదని ఒకడితోనే రెండు షిఫ్టులు చేయిస్తారు, వాడి కన్ను మూతపడితే అజాగ్రత్త. బయట లారీ హారన్ కొడతా ఉంటే కానీయండి కానీయండి అని తరిమేది ఒకరు, వేలు పోగొట్టుకునేది ఇంకొకరు. నిన్న చేరినవాణ్ని ఈరోజు కట్టర్ ముందర నిలబెట్టి, వాడికి అన్నీ తెలిసినట్లు బోర్డు రాస్తారు. ఇదంతా ఒక్క ఊపిరితో చెప్పేసరికి ఆ అబ్బాయి నోరు తెరుచుకొని చూసినాడు. తర్వాత పనివాళ్లను కూర్చోబెట్టి వాళ్లకు రంగప్ప సంగతి చెప్పినాను. చెప్పి ఇంటికొచ్చినా నాకు తీరలేదు. కొన్ని వదిలేసినాను, కొన్ని తొందరలో దాటేసినాను. అందుకని మొదటినుంచి రాస్తాండాను.

మాది కదిరి వైపు ఒక మెట్ట పల్లె. వాన పడితే చెనిక్కాయ, పడకపోతే వాన కోసం చూసేది, అదే మా సేద్యం. మా నాయన తెల్లవారుజామునే లేచి, వేపపుల్ల నోట్లో పెట్టుకొని చేని గట్టు మీదికి పోయి నిలబడేవాడు. చేన్లో ఏమీ లేకపోయినా పోయేవాడు. ఏముందని పోతావు నాయనా అంటే, మనం పోకపోతే చేను మనల్ని మరిచిపోతాదప్పా అనేవాడు. అప్పటికే మా అమ్మ సంగటికుండను కాళ్ల మధ్య ఒత్తి పెట్టుకొని తెడ్డుతో గెలకతా ఉండేది. రాగిపిండి ఉడికే వాసన ముందు వచ్చేది, దాని వెనకనే వేయించిన చెనిగ్గింజలూ ఎండుమిరపకాయలూ రోట్లో నలిగే వాసన. ఆ ఊరిబిండిని సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి పెట్టి, తడిగుడ్డలో మూట కట్టి ఇచ్చేది. మూట కట్టేటప్పుడు ఏదో ఒకటి తిట్టకుండా కట్టేది కాదు. నిన్న గుడ్డ మరిచిపోయి వచ్చినావనో, ముద్ద మిగిల్చినావనో. ఒకరోజు తిట్టకుండా ఇస్తే ఆమెకు ఒళ్లు బాగలేదని నాకు అర్థమయ్యేది.

రెండేండ్లు వరసగా పంట పోయినాక నాకు ఇంక ఊర్లో చేసేదేమీ కనపడలేదు. ఇరవై నిండిన వయసు, ఒంట్లో బలం, చేతిలో పని లేదు. గోరంట్ల దాటినాక రాళ్ల ఫ్యాక్టరీలో మనుషులు కావాలంట అని తెలిసి పోయినాను. పొద్దున మొదటి బస్సుకు పోయి రాత్రికి ఇల్లు చేరేవాణ్ని. పెద్ద పెద్ద రాళ్లను కట్టర్లతో పలకలుగా కోసి, నునుపు చేసి లారీలకు ఎత్తే చోటు అది. కట్టర్ తిరిగినంతసేపు దాని మీద నీళ్లు పడతానే ఉండాలి. తడిరాయి వాసన, కాలిన నూనె వాసన కలిసి ఒంటికి పట్టుకునేది. సాయంత్రానికి అందరం తలనుంచి కాళ్లదాకా తెల్లగా అయిపోయేవాళ్లం. ఎవరు ఎవరో కండ్లను చూసి గుర్తుపట్టాల్సిందే. మా మిస్త్రీ పేరు మస్తాన్, మేమంతా మస్తానన్న అనేవాళ్లం. మనిషి సన్నగా ఉన్నా రాయిని చూస్తే అది ఏ వైపు ఒరుగుతుందో ముందే చెప్పేవాడు. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, అంగడివాడితో కన్నడం, అన్నీ ఒకే గొంతుతో మాట్లాడేవాడు.

నన్ను రంగప్పకు జత చేసింది మస్తానన్నే. రంగప్పది పావగడ పక్క ఊరు, కన్నడం ఇంటి మాట. నాకన్నా పదేండ్లు పెద్దవాడు. ఆయన తెలుగు ఎంత బాగా మాట్లాడేవాడంటే ఆయన కన్నడం మనిషని మేం మరిచే పోయినాం. తిట్లు కూడా తెలుగులోనే తిట్టేవాడు. గడ్డపార ఎట్ల పట్టాల, రాయి కింద దాని మొనను యాడ ఆనించాల, బలం చేతులతో కాకుండా నడుముతో ఎట్ల పెట్టాల, అన్నీ నాకు నేర్పింది ఆయనే. మధ్యాహ్నం ఆయన ముద్దె, నా సంగటి ఒకే గుడ్డ మీద పరుచుకునేవాళ్లం. రెండూ ఒకటే కదప్పా, పేర్లే వేరే అని మా అమ్మ ఊరిబిండి సగం తినేసేవాడు. ఆయన పెండ్లాం చేసిన సొప్పు సారు, అంటే ఆకుకూర చారు, నాకు పోసేవాడు. మా ఇద్దరి జత చూసి మస్తానన్న ఎద్దుల జత అని ఎగతాళి చేసేవాడు. అందులో ముసలి ఎద్దు ఎవరని రంగప్ప తగువు పడేవాడు.

మా ఇద్దరి పని చెప్పేదానికి సులువే. నేల మీద పడుకున్న పలకను ఎత్తాలంటే దాని కింద గొలుసు దూర్చాలి. గొలుసు దూరాలంటే కింద కాస్త సందు కావాలి. నేను గడ్డపారతో ఒక మూల లేపి పట్టుకుంటాను. రంగప్ప ఆ సందులోకి చెక్క దిమ్మె తోస్తాడు. తోసి చెయ్యి తీసినాక నేను గడ్డపార వదులుతాను, పలక దిమ్మె మీద కూర్చుంటుంది. రోజుకు ఎన్నిసార్లు చేసేవాళ్లమో లెక్కే లేదు. మాట్లాడుకునే పని కూడా పడేది కాదు, ఒకరి కన్ను చూసి ఒకరు చేసేవాళ్లం.

ఆ రోజు మధ్యాహ్నం రెండు కట్టర్లు కలిసి తిరగతాండాయి. గేటు దగ్గర లారీ హారన్ కొడతాంది, లోపలినుంచి మేనేజరు బిన్నా, తొందరగా కానీయండి అని కేకలు పెడతాండాడు. దుమ్ముకని రంగప్ప మూతికి తువ్వాలు కట్టుకున్నాడు, నాకు ఆయన నోరు కనపడదు. నేను మూల లేపినాను. ఆయన దిమ్మె తోసినాడు, అది అడ్డం తిరిగింది. దాన్ని సరిచేసేదానికి ఎడమ చెయ్యి లోపలికి పెట్టినాడు. నా కాలి కింద రాతిబురద, మడమ కొంచెం జారింది, పలక కదిలింది. అప్పుడు ఆయన అరిచినాడు. నాకు వినపడింది 'ఇడు' అని. చెయ్యి తీసేసినాడు, వదలమంటాండాడు అనుకున్నాను. గడ్డపార వదిలేసినాను.

రంగప్ప పెద్దగా అరవలేదు. రాయి కింద చెయ్యి ఉండిపోయింది, మోకాళ్ల మీద కూలబడి నా వైపు చూసినాడు. తువ్వాలు జారిపోయింది. యాకప్పా అన్నాడు, ఎందుకప్పా అని. ఆ ఒక్క మాటే. మస్తానన్న, ఇంకో ఇద్దరు పరిగెత్తుకొచ్చి పలకను లేపినారు. లోడు కోసం నిలబడిన లారీలోనే ఆయనను హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోయినారు. ఎడమ చేతి మూడు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. నేను పోతానంటే మస్తానన్న వద్దన్నాడు. నువ్వు ఇప్పుడు యాడికీ పోవద్దు, ఈ నీడలో కూర్చో అన్నాడు.

సాయంత్రం మేనేజరు నన్ను పిలిచి ఒక కాగితం ముందర పెట్టినాడు. 'రంగప్ప అజాగ్రత్తగా చెయ్యి పెట్టినందువల్ల' అని రాసి ఉంది. ఆ ఫ్యాక్టరీలో ఒక కట్టుబాటు ఉండేది. కాగితంలో అజాగ్రత్త అని ఎవరి పేరు పక్కన పడితే వాడు మళ్లీ ఆ గేటు లోపలికి రాకూడదు. అది అందరికీ తెలుసు. రంగప్పే ఒప్పుకున్నాడు, తప్పు తనదేనని ఆసుపత్రిలో చెప్పినాడు, నువ్వు పక్కనున్నవాడివి కాబట్టి సంతకం పెట్టు అన్నాడు మేనేజరు. సార్, గడ్డపార ఇడిసింది నేను అన్నాను. అయితే నీ పేరు రాస్తా, నీకు అదే కావాలా అన్నాడు. ఆయన పేరో నా పేరో, ఎవరో ఒకరు బయటికి పోవాలి. రేపు పొద్దున వచ్చి చెప్పు అన్నాడు. మూడు వేళ్లు లేని మనిషికి ఇంక యాడ పని దొరుకుతుంది? నా పేరు రాయించుకుంటే మా ఇంట్లో సంగటికుండ పొయ్యి మీదికి ఎక్కదు. నాకు భయమేసింది, ఆ మాట దాచను. ఆయన తప్పు ఆయనే ఒప్పుకున్నప్పుడు నేనెందుకు అడ్డం పడాలి అని కూడా ఒక గడియ అనుకున్నాను. ఈనాటికీ ఆ గడియ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

తెల్లారి లేచి నాయన వెనకనే చేని గట్టు మీదికి పోయినాను. జరిగిందంతా చెప్పినాను. మా నాయన వయసులో ఉన్నప్పుడు బావులు తవ్వే గుంపులో పనిచేసినవాడు. మా వైపు బావి అంటే లోతుకు పోతానే ఉండేది, నీళ్లు అందితే కదా ఆపేది. అడుగున ఒకడు రాళ్లు గంపకెత్తుతాడు, పైన ఇంకొకడు తాడు లాగుతాడు. నాయన పుల్ల నమలడం ఆపి, ఆయన ఏ మాట అన్నాడు అని అడిగినాడు. ఇడు అన్నాడు అని చెప్పినాను. నువ్వు తిరిగి చెప్పినావా అన్నాడు. నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పినాడు. బావిలో కిందివాడు లాగు అంటే పైవాడు లాగుతాండా అని తిరిగి చెప్పి, ఒక ఊపిరి ఆగి లాగాలంట. బావిలోనించి మాట పైకొచ్చేలోపల మారిపోతాదప్పా, అందుకని తిరిగి చెప్పేది మా మేస్త్రీలు పెట్టిన పద్ధతి అన్నాడు. ఆ తర్వాత నా జీవితాన్ని తిప్పేసిన మాట అడిగినాడు.

"రాయి కింద చెయ్యి పెట్టుకొని ఇడు అని ఏ మనిషన్నా అంటాడా?"

ఆ రోజు ఫ్యాక్టరీకి పోలేదు, నేరుగా హిందూపురం పోయినాను. మస్తానన్న ముందే వచ్చి మంచం పక్కన కూర్చొని ఉన్నాడు. రంగప్ప చెయ్యి గుడ్డ చుట్టి గుండె మీద పెట్టుకొని ఉన్నాడు. నన్ను చూసి, తిన్నావా అని అడిగినాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది, ఏడ్చినాను. సర్దుకున్నాక, నిన్న నువ్వు అరిచింది ఏమన్నా అని అడిగినాను. ఇడ్కో అంటి అన్నాడు. ఇడు అంటివా, ఇడ్కో అంటివా అన్నాను. ఇడ్కో, ఇడ్కో అన్నాడు, మంచి చెయ్యి పిడికిలి బిగించి చూపిస్తా. మస్తానన్న లేచి నిలబడినాడు. అల్లా, అని తల పట్టుకున్నాడు. మాకు అర్థం చేయించేదానికి ఆయనకు రెండు నిమిషాలు పట్టింది.

మేం విడువు అనేదాన్ని ఇడు అంటాం, వదిలిపెట్టు అని. వాళ్లు హిడ్కో అనేదాన్ని ఇడ్కో అంటారు, పట్టుకో అని. రెండు కట్టర్ల చప్పుడులో, తువ్వాలు అడ్డం ఉన్న నోట్లోంచి వచ్చే మాటలో నా చెవికి అందింది ముందర ముక్క మాత్రమే. ఆయన పట్టుకో అని అరిచినాడు, నేను వదిలిపెట్టు అని విన్నాను. ఆయన అన్నేండ్లు మాతో తెలుగే మాట్లాడినాడు. ప్రాణం మీదికొచ్చినప్పుడు మాత్రం ఆయన అమ్మ నేర్పిన మాట వచ్చింది. వినేది నేను కాబట్టి మా అమ్మ నేర్పిన మాట వినపడింది. రెండు భాషలూ కలిసే మా ఎల్లకట్టు మనుషులు తప్ప ప్రపంచంలో ఇంకెవరూ చేయలేని తప్పు అది. మరి నువ్వు నీదే తప్పని ఎందుకు చెప్పినావన్నా అంటే, నువ్వు చిన్నోడివి, నాకు ఎట్లాగూ చెయ్యి పోయింది, ఇంక నీ పని కూడా పోవాల్నా అన్నాడు. నేను కావాలని వదలలేదని ఆయనకు తెలుసు, ఎందుకు వదిలినానో మాత్రం తెలియదు. రాత్రంతా అదే ఆలోచించినానప్పా, ఇప్పుడు నెమ్మది అయింది అన్నాడు.

మరుసటి రోజు మస్తానన్న, నేను మేనేజరు ముందర నిలబడినాం. విషయం చెప్తే ఆయన నవ్వినాడు. మాట కూడా మనిషి చెయ్యి నలపతాదా, కథలు చెప్పద్దండి అన్నాడు. మస్తానన్నకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. సార్, పది నిమిషాలు ఇయ్యి, అంతకన్నా వద్దు అన్నాడు. బయటికి వచ్చి, ఎవరికీ దెబ్బ తగలకుండా కింద దిమ్మెలు పెట్టి ఒక పగిలిన పలక మూలను లేపించినాడు. రెండు కట్టర్లనూ తిప్పమన్నాడు. తెలుగు మాట్లాడే అయిదుగుర్ని, కన్నడం మాట్లాడే అయిదుగుర్ని ఒకరి తర్వాత ఒకర్ని గడ్డపార పట్టుకోమన్నాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. తాను మూతికి తువ్వాలు కట్టుకొని వెనక నిలబడి ఇడ్కో అని అరిచినాడు. కన్నడంవాళ్లు అయిదుగురూ గడ్డపారను ఇంకా బిగించినారు. తెలుగువాళ్లలో నలుగురు ఠక్కున వదిలేసినారు. అయిదోవాడు మాత్రం వెనక్కి తిరిగి, ఏమంటివన్నా అని అడిగినాడు. వాడికి చెవుడని తర్వాత తెలిసింది.

మేనేజరుకు అప్పటికీ గుంజాటనే. మీరంతా కలిసి ముందే అనుకొని చేస్తాండారేమో అన్నాడు. అయితే నువ్వు పట్టు సార్ అన్నాడు మస్తానన్న. మేనేజరు చొక్కా చేతులు మడిచి గడ్డపార పట్టినాడు. ఇడ్కో అంటారని ఆయనకు తెలుసు, పట్టుకో అని అర్థమని కూడా అంతకుముందే చెప్పినాం. ఒక నిమిషం ఏమీ అనకుండా, ఆయన చూపు లారీ వైపు తిరిగినప్పుడు మస్తానన్న అరిచినాడు. మేనేజరు కూడా ఇడిసినాడు. పలక దభీమని దిమ్మె మీద పడింది. ఎవరూ నవ్వలేదు. ఆయన తన చేతులను తానే చూసుకొని, కట్టర్లు ఆపమన్నాడు. లోపలికి పోయి ఆ కాగితాన్ని చించేసి ఇంకొకటి రాసినాడు. 'ఒకే మాట ఇద్దరికీ వేర్వేరుగా అర్థమయినందువల్ల' అని రాసినాడు. రంగప్ప పేరు పక్కనగానీ నా పేరు పక్కనగానీ అజాగ్రత్త అని లేదు. ఆ ఫ్యాక్టరీ మొదలుపెట్టినాక అట్లాంటి కాగితం అదే మొదటిది అని మస్తానన్న చెప్పినాడు.

ఆ తర్వాత నేను ఎన్నో ప్రమాదాలు చూసినాను, ఎన్నో కాగితాలు రాసినాను. ప్రతి దాంట్లోనూ, మనిషి ఏం చేసినాడు అనేదానికన్నా ముందు, మనిషికి ఏం వినపడింది, ఏం కనపడింది, ఎవరు తరిమినారు అని అడిగినాను. నా ఉద్యోగమంతా ఆ పది నిమిషాల్లోనే నేర్చుకున్నాను అంటే అబద్ధం కాదు. ఇప్పుడు ఫ్యాక్టరీలు చాలా బాగుపడినాయి, కాదనను. గడ్డపారల కాలం పోయింది, క్రేన్లు వచ్చినాయి, తలకు టోపీ, కాలికి బూటు, చెవికి మూతలు వచ్చినాయి. మేం తువ్వాలుతో ముక్కు మూసుకున్న చోట వాళ్లకు మాస్కులు ఉన్నాయి. సంగటి మూటలు మాత్రం లేవు, క్యాంటీన్లో తెల్లన్నం. అయితే పోయిన నెల ఆ ఫ్యాక్టరీలో నా ముందర కూర్చున్న పనివాళ్లలో ఒడిశావాళ్లు, బీహారువాళ్లు, అస్సామువాళ్లు ఉన్నారు. సూపర్‌వైజర్లేమో మనవాళ్లు. అర్థమైందా అంటే అందరూ తల ఊపతాండారు. తల ఊపడాన్ని నేను నమ్మను. ఆపు అనేదానికి మీ ఇంట్లో ఏమంటారో ఒక్కొక్కరూ చెప్పండి అన్నాను. సిగ్గుపడతా చెప్పినారు, ఎవరి మాట వాళ్లది. ఆ చిన్న మేనేజరు జేబులోంచి పెన్ను తీసి రాసుకున్నాడు. చెవికి మూత పెట్టి నోటితో కేక వేస్తే ఎట్లా సార్ అని తానే అడిగినాడు. అబ్బాయి పనికొస్తాడు అనుకున్నాను.

ఈ ప్రశ్నకు మా కాలంలో జవాబు చెప్పింది రంగప్పే. ఆసుపత్రి మంచం మీద ఉండగానే చెప్పినాడు. పట్టుకునేదానికి పట్టు అనే మాట పెట్టుకుందాం, అది రెండు భాషల్లోనూ ఉండాది, విన్నవాడు దాన్ని తిరిగి చెప్పాల అన్నాడు. తిరిగి చెప్పేది మా నాయన పద్ధతి, నేను చెప్తే ఆయనకు నచ్చింది. వదిలేదానికి మాత్రం మాటే వద్దన్నాడు. కిందివాడు రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొడితేనే గడ్డపార వదలాల. చప్పట్లు కొట్టే చేతులు రాయి కింద ఉండవు కదప్పా అన్నాడు. ఫ్యాక్టరీ అంతా ఆ పద్ధతి పెట్టినాం. వారం తిరక్కముందే అందరికీ అలవాటైంది.

మూడు నెలలకు రంగప్ప తిరిగి వచ్చినాడు. మేనేజరు ఆయనను గేటు దగ్గర కూర్చోమన్నాడు. వచ్చే పోయేవాళ్లను చూసుకుంటే చాలు అన్నాడు, మంచి మనసుతోనే అన్నాడు. రంగప్ప ఒప్పుకోలేదు. నా పని నాకు ఉండాది కదా సార్ అని నేరుగా నా దగ్గరికి వచ్చినాడు. ఇంకొకరితో జత కడతావా అన్నా అని అడిగినాను, నాకే ధైర్యం చాలక. ఏమప్పా, ముసలి ఎద్దు పనికిరాదా అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు పని ఆపి చూస్తాండారు. నేను గడ్డపార మొన ఆనించి మూల లేపినాను. బలమంతా నడుముతో పెట్టి పట్టినాను, ఆయన నేర్పినట్లే. ఆయన వంగి, పట్టు అన్నాడు. పట్టినా అన్నాను. ఒక ఊపిరి ఆగి, ఆ ఎడమ చేతినే, రెండు వేళ్లు మిగిలిన ఆ చేతినే పలక కిందికి పెట్టినాడు. దిమ్మె తోసినాడు, సరిచేసినాడు, చెయ్యి తీసినాడు. లేచి నిలబడి రెండు చేతులూ తలపైకి ఎత్తి చరిచినాడు. ఆ చప్పట్లు మోగలేదు. నాకు కనపడినాయి, నేను ఇడిస్తి.